సెలవు అడిగిన వెన్నుపూస

మంగళవారం ఉదయం నెట్స్‌లో బంతి వేస్తుండగా, పదిహేనేళ్ల శ్రీనిత నడుములోని చివరి వెన్నుపూస బయటికి వచ్చి, బెంచీ మీద కూర్చుని సెలవు అడిగింది. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆ క్రికెట్ అకాడమీలో అంతకుముందే రెండు మోకాళ్లు, ఒక భుజం ఇలాగే అడిగి, చీవాట్లు తిని వెనక్కి వెళ్లాయి.

కోచ్ వీరారెడ్డి పూసను ఎండకు ఎత్తి చూశాడు. వెంట్రుకంత పగులు కనిపించింది.

"గింతదానికేనా? సెలక్షన్లు ముందు వెట్టుకొని ఇప్పుడే యాదికొచ్చిందా?"

"ఎండకాలం నుంచి చెప్తనే ఉన్న సార్," అంది పూస. "మీరు నొప్పి స్ప్రే కొట్టిచ్చిండ్రు."

అకాడమీలో నొప్పి క్రమశిక్షణ విభాగం కిందికి వస్తుంది కనుక విచారణ జరిపారు. పూసకు కుర్చీ వేశారు. నడుములో ఖాళీతో నిలబడలేక శ్రీనిత గోడకు ఆనుకుంది. ఆమె తండ్రి ఐలయ్యను పిలిపించారు. టైలరింగ్ పని సగంలో ఆపి వచ్చిన ఆయన, బిడ్డ వైపు చూడకుండా పూసకే చేతులు జోడించాడు.

"ఒక్క సీజన్ ఓర్సుకో తల్లీ. టీముల వడ్డంక పండుకుందువు."

శ్రీనితకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. పూసను అందుకుని టోపీలో పెట్టుకుంది.

"ఇది పండుకుంటది. దీంతోని నేను గూడ పండుకుంట. ఇగ బంతి వెయ్యనే వెయ్య."

"ఎన్ని దినాలు?" అన్నాడు వీరారెడ్డి.

"ఇది లేస్త అన్నదాంక."

చెప్పినట్టే కుంటుకుంటూ వెళ్లి పిచ్ మధ్యలో పడుకుంది. పిచ్ మీద పడుకున్నవాళ్లను లేపే నిబంధన ఏదీ లేకపోవడంతో రోలర్‌ను ఆమె చుట్టూ తిప్పారు. వారం తిరిగేసరికి మరికొందరు అమ్మాయిలు తమ పూసలతో వచ్చి పక్కన పడుకున్నారు. ఐలయ్య రోజూ అన్నం తెచ్చి పెట్టి వెళ్లేవాడు.

అకాడమీ కమిటీ సమావేశమై సమస్యను పరిష్కరించింది. కొత్తగా చేరే పిల్లలు చివరి పూసను గేటు దగ్గరే అప్పజెప్పాలి.

అడ్మిషన్ల రోజు వరుస గేటు దాటి రోడ్డు దాకా సాగింది.

"ఇయ్యకుండ్రి!" పిచ్ మీది నుంచి అరిచింది శ్రీనిత. "మీ పూసలు ఇయ్యకుండ్రి!"

వరుసలో ముందున్న తల్లి గేటు దగ్గరి గుమాస్తాను అడిగింది: "ఇద్దరు పిల్లల పూసలు ఒక్కపారే తీసుకుంటరా సార్?"

ఆమె వెనక ఒక పాప తండ్రి చేయి విడిపించుకుని, రెండు చేతులతో నడుము పట్టుకుని పిచ్ వైపు పరుగెత్తింది. తండ్రి పిలుస్తూ వెంటపడ్డాడు.

వరుసలో వెనకున్నవాళ్లు ఒక అడుగు ముందుకు జరిగారు.