పుస్తకం చిరగని వార్డు

"ఈ క్షణం నుంచి మన సోగ్వాన్ వార్డులో ఏ పుస్తకమూ చిరగదు, తడవదు, పోదు!" అని వార్డు అధ్యక్షులు ప్యో గ్వాంగ్సు గారు తెల్ల చేతొడుగులతో రిబ్బను కత్తిరించారు. ఆయన మాట మీద నిలబడే మనిషి. మా గ్రంథాలయంలోని పద్దెనిమిది వేల పుస్తకాలనూ ముందురోజే లారీలెక్కించి రీసైక్లింగ్‌కు పంపేశారు. లేని పుస్తకాన్ని చించడం ఎవరి తరమూ కాదు.

నేనక్కడ పదకొండేళ్ళుగా లైబ్రేరియన్ని. ఖాళీ అరల ముందు అభినందనల పూల స్టాండ్లు నిలబెట్టాం. వాటి రిబ్బన్ల మీద పంపిన ప్రముఖుల పేర్లు పెద్ద అక్షరాల్లో ఉన్నాయి కాబట్టి, చదవడానికి ఏమీ లేదని ఆ రోజు ఎవరూ అనలేకపోయారు.

పథకం మాత్రం గొప్పది. వార్డు ఆఫీసు ఒక ఈ-బుక్ కంపెనీకి చందా కడుతుంది, ప్రతి పౌరుడి ఫోనులోకీ రెండు లక్షల పుస్తకాలు వస్తాయి. మరునాడే జొమ్నే అవ్వ వచ్చింది. చేపల బజారులో కొట్టు, డెబ్బై ఎనిమిదేళ్ళు. రెండేళ్ళ కిందటే మా దగ్గర అక్షరాలు నేర్చుకుంది. 'ఉప్పుపడవ' అనే నవల, ఆమె జీవితంలో మొట్టమొదటి పుస్తకం, సగంలో ఉండగా లారీ ఎక్కింది.

"అమ్మాయ్, నా పుస్తకమేదే?"

"ఫోనులో ఉందవ్వా."

"ఫోనులో మా కోడలుంటుంది. పుస్తకమెలా ఉంటుందే?"

ఆ ఈ-బుక్ యాప్ లోపలికి వెళ్ళాలంటే ఫోను ఎవరి పేరు మీదుందో వాళ్ళుగా రుజువు చేసుకోవాలి. అవ్వ ఫోను కొడుకు పేరు మీదుంది. "స్వాగతం, చీ మాన్‌సిక్ గారూ! మీ వయసు మగవారు మెచ్చిన పుస్తకాలు" అని తెర మీద గోల్ఫ్, బట్టతల నివారణ వచ్చాయి.

"నాకెందుకే బట్టతల?" అంది అవ్వ.

నవల దొరికింది. అక్షరాలు పెద్దవి చేసి చూపించగానే అవ్వ కళ్ళజోడు తీసి పక్కన పెట్టేసింది. "ఒక్కోటీ గుమ్మడికాయంత ఉందే!" అంటూ కళ్ళు తుడుచుకుంది. ఫోనును ప్లాస్టిక్ సంచిలో పెట్టి, చేపలు తోముతూ చదివేది. కళ్ళు అలిసిపోతే ఫోనే చదివి వినిపించేది. ఈ పథకాన్ని లోలోపల తిట్టుకున్నందుకు నేను లెంపలేసుకున్నాను.

అక్షరాల తరగతిలో అవ్వలందరి ఫోన్లూ కొడుకుల పేర్ల మీదే ఉన్నాయి. మూడు నెలలకు ప్యో గారు విలేకరులను పిలిచి, నలభైల్లో ఉన్న మగవాళ్ళలో పఠనం నాలుగు రెట్లు పెరిగిందని ప్రకటించారు. అవార్డు కూడా వచ్చింది.

నేను ఉండబట్టలేక వార్డు ఆఫీసుకు ఫోన్ చేశాను. "సార్, వాళ్ళు మగవాళ్ళు కారండీ, అవ్వలు."

"అవ్వలు చదివితే అవార్డు లేదమ్మా. పట్టికలో ఆ గడి లేదు," అన్నారు అధికారి.

ఆ నెలాఖరున అవ్వ పరుగున వచ్చింది. తెర మీద 'ఈ పుస్తకం ఇక అందుబాటులో లేదు' అని ఉంది.

"ఇంకా ఇరవై పేజీలేనే! ఎవరెత్తుకుపోయారు?"

"ఎవరూ కాదవ్వా. పబ్లిషరుకీ కంపెనీకీ ఒప్పందం అయిపోయింది. మనం కొనుక్కోలేదుగా, చందా కట్టి అద్దెకు చదువుకుంటున్నాం."

"ఇల్లు ఖాళీ చేయించేవాడైనా సామాను సర్దుకోమంటాడే! కథలో పడవెక్కిన ఆ పిల్ల మొగుడు తిరిగొచ్చాడో లేదో తెలీకుండానే నన్ను చావమంటావా?"

నాకు నిజంగా సిగ్గేసింది. ఆ నవల అచ్చులో లేదు. పాత పుస్తకాల కొట్లన్నిటికీ ఫోన్ చేశాను. ఎక్కడా లేదు. ఇక అవ్వను వెంటబెట్టుకుని ప్యో గారి దగ్గరికే వెళ్ళాను.

ఆయన లేచి, రెండు చేతులతో అవ్వ చెయ్యి పట్టుకున్నారు. ఫొటోగ్రాఫర్ కెమెరా ఎత్తాడు. ప్యో గారి కుర్చీ వెనక గోడంతా, నేల నుంచి పైకప్పు దాకా పుస్తకాలే. వాటి వెన్నుల మీద నేను నా చేత్తో రాసి అతికించిన నంబర్లు! ఒక్కటీ రీసైక్లింగ్‌కు పోలేదన్నమాట. ఆ మహానుభావుడికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

అవ్వ వేలు చాపి కూడబలుక్కుంటోంది. "ఉ...ప్పు...ప...డ...వ. అయ్యా, అదిగో నా పుస్తకం! మీరు చదివారా?"

"ఇవన్నీ చదివినవేనమ్మగారూ. పుస్తకమంటే నాకు ప్రాణం."

"అయితే చెప్పండి. ఆ పిల్ల మొగుడు తిరిగొచ్చాడా, రాలేదా?"

ప్యో గారు సెక్రటరీ వంక చూశారు. సెక్రటరీ నా వంక చూశాడు.

"వచ్చాడమ్మా. మా హయాంలో రాకుండా ఎలా ఉంటాడు?"

అవ్వ ఆగలేదు. కుర్చీ చుట్టూ వెళ్ళి పుస్తకాన్ని పట్టుకుని లాగింది. పేరున్న వెన్ను ఒక్కటే, జానెడు అట్టముక్క, చేతిలోకి ఊడివచ్చింది. దాని వెనక ప్లైవుడ్ ఉంది. పక్కది లాగింది. అదీ అంతే.

"మెల్లగా అమ్మగారూ," అన్నారు ప్యో గారు ఆప్యాయంగా, "రేపు టీవీ వాళ్ళొస్తున్నారు."

"అవ్వా, అది అలాగే పట్టుకుని ఇటు చూడు," అన్నాడు ఫొటోగ్రాఫర్.

అవ్వ అతని వైపు చూడలేదు. ఏమైనా రాసుందేమోనని ఆ అట్టముక్కను తిప్పి వెనకవైపు చూస్తోంది.