మోతి ఆరోగ్యంపై వివరణ

మా మోతి ఆరోగ్యం గురించి చేవెళ్లలో నానా మాటలు వినిపిస్తున్నందున, మాజీ సర్పంచ్ హోదాలో అంజిలయ్య అనే నేను ఈ వివరణ ఇవ్వవలసి వస్తున్నది. మోతి మా కుక్క. దానికి పిచ్చి లేదు. ఇల్లు మారడం వల్ల కొంత మనోవేదనకు గురైంది, అంతే.

మొయినాబాద్ మండలంలోని మా ఊరికి అయిదేళ్లు సేవ చేశాను. ఊరు తట్టుకోగలిగినంత చేశాననుకోండి. పదవీకాలం ముగిశాక ఏడాదిన్నరగా వాకిట్లో కుర్చీలు ఖాళీగా కనిపిస్తుంటే చూడలేక, చేవెళ్లలో ఇల్లు కట్టుకుని వచ్చేశాం. పిల్లల చదువు కోసమని అందరికీ చెప్పాం. మా పిల్లల చదువులు అయిపోయి నాలుగేళ్లయింది.

కొత్తింట్లో తొలిరోజు నేను గేటు దాటగానే మోతి ఏడుపందుకుంది. తలుపు గీకింది, నేను తిరిగొచ్చేదాకా వీధి వీధంతా వినేలా మొత్తుకుంది. నిజం చెప్పొద్దూ, నాకు ప్రాణం లేచొచ్చింది. నేను వెళ్తుంటే ఏడ్చే జీవి ఈ భూమ్మీద ఒక్కటైనా మిగిలింది కదా! ఆ వారమంతా ఏ పనీ లేకపోయినా రోజుకు నాలుగుసార్లు బయటికి వెళ్లాను.

పక్కింటి రిటైర్డు హెడ్మాస్టరు స్వామిదాసు గారికి మాత్రం ఈ ప్రజాభిమానం నచ్చలేదు. "అన్నా, నెల దినాలు చూస్త. అప్పటికీ గిట్లనే మొత్తుకుంటే దాన్ని మీ ఊర్ల ఇడిచిపెట్టి రావాలె. లేకుంటే కంప్లెయింట్ ఇస్త" అన్నారు. సర్పంచ్ సాబ్ అనలేదు, గమనించగలరు. ఊళ్లో వదిలేస్తే మోతిని ఎవరు చూస్తారు?

వెంటనే డాక్టర్ ఎస్తేర్‌ను పిలిపించాం. పశువుల డాక్టరే గానీ కుక్కల మనసు తెలిసిన మనిషి. ఆమె కాగితం తీసి లక్షణాలు అడగసాగింది.

"బండి చప్పుడైతే గేటు కాడికి ఉరుకుతదా?"

"ఉరుకుతది మేడం."

"తిండి మీద ధ్యాస లేదా? పాత ఇంటి దిక్కే చూస్తదా?"

"అవును."

"ఎవరన్న వస్తే పోనియ్యకుంట ఎంటపడతదా?"

అప్పటిదాకా ఊరుకున్న మా ఆవిడ నీలవేణి ఇక ఆగలేదు. "మేడం, మీరు అడుగుతున్నది కుక్క సంగతా, ఈయన సంగతా?"

డాక్టరమ్మ రాయడం ఆపింది. నేను టీ తెమ్మన్నాను.

వైద్యంలో మొదటిది, నేను కట్టి విడిచిన, ఉతకని బట్ట దాని పడక మీద వేయడం. సర్పంచ్ చేసినవాడి విడిచిన బట్టను కుక్క కింద పరిస్తే పదవికే అవమానం గనుక సన్మాన శాలువా పరిచాను. బీరువాలో నలభై మూడున్నాయి. మోతి వాసన చూసి, తుమ్మి, అవతల పడుకుంది. మరో రెండు మార్చినా అంతే. ఫొటో దిగగానే మడత పెట్టేసిన శాలువాల్లో నా వాసన ఎక్కడినుంచి వస్తుంది? ఇట్లా కాదని, చేతులు జోడించి నిలువెత్తు నేనున్న పాత ఫ్లెక్సీని హాల్లో కట్టించాను. మోతి దగ్గరికి వెళ్లి, కాసేపు నా ముఖం చూసి, కాలెత్తింది. మా ఊళ్లో ప్రతిపక్షం కూడా అంత పని చేయలేదు. చివరికి నీలవేణి నా పాత లుంగీ పడేస్తే దాంట్లో ముడుచుకుని నిద్రపోయింది.

రెండోది, బయల్దేరే తయారీ అంతా చేసి బయల్దేరకుండా కూర్చోవడం. అప్పుడు చెప్పులు, తాళాలు చూసి కుక్క బెదరదట. తెల్లబట్టలు వేసి, తాళాలు పట్టుకుని, ఫోను చెవికి ఆనించుకుని సోఫాలో కూర్చున్నాను. నీలవేణి కూరగాయలు తరుగుతూ, "గిదేం కొత్త? ఏడాదిన్నర సంది రోజూ పొద్దుగాల మీరు చేస్తున్నది గదే గదా" అన్నది.

మూడోదే కష్టం. "పోయేటప్పుడు చెప్పొద్దు, వచ్చినప్పుడు పట్టించుకోవద్దు సార్. చూడొద్దు, మాట్లాడొద్దు. నాలుగు దినాలు ఎగురుతది, తర్వాత దానికే సమజైతది" అన్నది డాక్టరమ్మ. కారు హారన్ రెండుసార్లు కొట్టకుండా గేటు దాటడం నా అయిదేళ్ల పరిపాలనలో ఎన్నడూ జరగలేదు. అయినా మోతి కోసం హారన్ మానేశాను. నిమిషం, అయిదు నిమిషాలు, అరగంట అని దొంగలా వెళ్లి దొంగలా వచ్చాను.

ఇరవై ఏడో రోజున షాబాద్‌లో ఒక పెళ్లికి వెళ్లాను. మైకులో ఎవరెవరినో వేదిక మీదికి పిలిచారు. నా పేరు రాలేదు. భోంచేసి ఇంటికొచ్చాను. గేటు ముందు మనసాగక రెండు హారన్లు కొట్టాను. మోతి ఒక కన్ను తెరిచి, నేనేనని చూసి, మళ్లీ లుంగీలో తల పెట్టుకుంది.

"సూపర్ అన్నా! కుక్క నిమ్మళమైంది. ఇగ ఏం ఫికర్ లేదు, ఈడనే ఉండనియ్యి" అని స్వామిదాసు గారు గోడ మీదినుంచి అభినందించారు. సంతోషించాల్సింది పోయి నాకు ఏడుపొచ్చింది. గేటు పట్టుకుని బాగానే ఏడ్చాను.

డాక్టరమ్మకు ఫోన్ చేశాను. "మేడం, దాన్ని జర ఎప్పటి లెక్క చెయ్యొస్తదా? రోజంత వద్దు. నేను పోయేటప్పుడు ఒక్కసారి ఏడిస్తే సాలు."

"కుక్క మంచిగున్నది సార్" అన్నది ఆమె. "మీరెట్లున్నరు?"

ఏడాదిన్నరలో ఆ మాట అడిగిన తొలి మనిషి. ఫోన్ పెట్టేసి, ఆమె రాసిచ్చిన కాగితం మళ్లీ చదివాను. చూడొద్దు. మాట్లాడొద్దు. ఎగిరితే పట్టించుకోవద్దు. మా ఊరు ఏడాదిన్నరగా నాకు చేస్తున్నది ఈ వైద్యమే, అదీ ఉచితంగా. మోతికి నెలలో నయమైంది. నా కేసు కొంచెం మొండిది.

కనుక ప్రజలకు విజ్ఞప్తి. చేవెళ్ల బస్టాండు దగ్గర తెల్లబట్టల్లో తాళాలు ఊపుతూ నేను కనిపిస్తే దయచేసి నమస్కారం పెట్టకండి, వైద్యం చెడుతుంది. ఈ విషయంలో మీకు శిక్షణ అక్కర్లేదని తెలుసు. నాకూ ఎవరూ నేర్పలేదు. నాకు ముందు సర్పంచ్ చేసిన పెద్దమనిషి అయిదేళ్లూ తన గేటు పట్టుకుని రోడ్డు దిక్కే చూస్తూ నిలబడేవాడు. కారు అద్దం ఒక్కసారి కూడా దించకుండా రోజూ ఆయన ముందునుంచి వెళ్లింది నేనే.