టోక్తో ముద్ద ముట్టలేదు

ఆ శనివారం ఉదయం తుర్సునై చేయవలసిన పని ఒక్కటే. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన ఎలుకను గోరువెచ్చని నీళ్ళలో వేసి, మెత్తబడ్డాక పదిగంటలకు టోక్తో ముందు పెట్టాలి. టోక్తో నాలుగడుగుల కొండచిలువ. ఆమె భర్త మర్లెన్ దాన్ని పదకొండేళ్ళు పెంచాడు. మర్లెన్ పోయి రెండు నెలలైంది. ఆ రోజు నుంచి అది ముద్ద ముట్టలేదు. మరో వారంలో తినకపోతే బతకదని పశువైద్యుడు చెప్పాడు.

బడిలో జీవశాస్త్రం చెప్పిన మర్లెన్ తన నోటుపుస్తకంలో నాలుగే వాక్యాలు రాసిపెట్టాడు. ఎలుక పెట్టు. దీపం ఆర్పు. అక్కణ్ణుంచి వెళ్ళిపో. తిన్నాక రెండు రోజులు కదపకు. మొదటి రెండూ తుర్సునై తప్పకుండా చేసేది. మూడోది ఆమెకు చేతనయ్యేది కాదు. చీకట్లో కుర్చీ వేసుకుని, అద్దాల పెట్టెకేసి చూస్తూ కూర్చునేది. నాలుగోదాని అవసరం రెండు నెలలుగా రాలేదు.

పదికి ఐదు నిమిషాలుండగా ఆడపడుచు బుర్మకాన్ నూనెలో వేయించిన చిన్న రొట్టెముక్కలు, బోర్సోకుల గిన్నెతో వచ్చింది. నీళ్ళలో తేలుతున్నదాన్ని చూసి కెవ్వుమంది.

"అమ్మ బాబోయ్! నేను రోజూ తిండి మోసుకొస్తుంటే నువ్వు ఎలుకలు వండుకుంటున్నావా?"

"నాకు కాదు వదినా, టోక్తోకి. రెండు నెలలుగా తినడం లేదు."

ఈసారి బుర్మకాన్ నిర్ఘాంతపోయింది. బిష్కెక్ నగరంలో గిట్టనివాణ్ణయినా రొట్టె రుచి చూపించకుండా గుమ్మం దాటనివ్వరు.

"మా తమ్ముడి ఇంట్లో ఒక ప్రాణి రెండు నెలలు పస్తా? నలుగురికీ తెలిస్తే ఇంకేమైనా ఉందా!" అంటూ నలుగురికీ వినబడేలా మెట్ల మీదికెళ్ళి కేకలేసింది.

ఎదురింటి వెనేరా హీటరు తెచ్చింది. పై అంతస్తు సతార్ పెద్దాయన మోకాళ్ళదాకా వచ్చే ఉన్ని బూట్లు నడవలో విప్పి లోపలికొచ్చాడు. పాముకు గౌరవం తక్కువైందని ఆయన తేల్చాడు. పెట్టె మూత తీసేసి, నలుగురూ పట్టుకుని, పెద్దమనుషులను కూర్చోబెట్టే ఎదురుగోడ దగ్గరికి మోశారు. అందులో ఎలుకను పెట్టి, చుట్టూ కూర్చుని టీ పోసుకున్నారు.

"తిను నాన్నా, ఒక్క ముక్క!"

"మొహమాటపడకు, మన ఇల్లే అనుకో."

"దానికి ఉప్పు వేశారా?"

టోక్తో బంతిలా చుట్టుకుని, తల లోపల దాచుకుంది.

"అచ్చం నీలాగే," అంది బుర్మకాన్. "తమ్ముడు పోయిన నలభయ్యో రోజు భోజనాల్లో నువ్వూ ఇంతే. చుట్టూ యాభైమందిమి బతిమాలినా నోరు తెరవలేదు."

తుర్సునై ఆమె కప్పులో ఇంకాస్త టీ పోసింది.

"పాలు తెండి," అన్నాడు సతార్. "మన పెద్దలు పాము తలమీద పాలు పోసేవారు." తెచ్చిన పాలు చెంచాడు తీసుకుని, ఏదో దీవించి పోశాడు. రెండు నెలల్లో మొదటిసారి టోక్తో తలెత్తింది.

"చూశారా!"

"పెద్దాయనా," అంది వెనేరా నెమ్మదిగా, "పాలు పోసేది, ఇంట్లోకొచ్చిన పామును మర్యాదగా సాగనంపడానికి కదూ?"

చెంచా గాల్లో ఆగింది. "ఔను సుమా," అన్నాడు సతార్.

అప్పటికే టోక్తో పెట్టె అంచు దాటి తివాచీ మీదికి జారింది. వెనేరా బల్లెక్కింది. బుర్మకాన్ సోఫా ఎక్కింది, అక్కణ్ణుంచి ఎలా దిగిందో తెలియదు గాని, అందరికంటే ముందు గుమ్మం దాటింది. సతార్ చేతికందిన ఒక్క బూటుతో ఆమె వెనకే పరుగెత్తాడు. నాలుగు అంతస్తులు దిగేసరికి ఒక పాము మూడైంది. భవనమంతా చెప్పుల్లేకుండా తొలి మంచులోకి వచ్చి నిలబడింది. ఎవరో సహాయదళానికి ఫోను చేశారు.

తుర్సునై ఒక్కతే లోపల మిగిలింది. తలుపు బార్లా తెరిచి ఉంది. టోక్తో మంచులోకి వెళ్ళిపోతే గంటసేపు కూడా బతకదు. గభాలున తలుపేసి సోఫా కింద, హీటరు వెనక, తెరల మడతల్లో వెతికింది. ఎక్కడా లేదు. మర్లెన్ ఇంట్లో మిగిల్చి వెళ్ళిన ఒకే ఒక్క ప్రాణాన్ని తనే పోగొట్టుకుంది.

నడవలో ఏదో కదిలింది. సతార్ వదిలి వెళ్ళిన ఎడమ బూటు. ఇంకా కాలి వెచ్చదనం పోని ఆ చీకట్లోంచి రెండు కళ్ళు ఆమెను చూస్తున్నాయి.

పెట్టెలోని ఎలుకను తెచ్చి బూటు ముందు పెట్టింది. దీపం ఆర్పింది. కాసేపు అక్కడే నిలబడింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

చేతులకు ఏదో ఒక పని కావాలి. బోర్సోకు ఒకటి తీసుకుంది. నడవలో ఏదో ఈడ్చుకెళ్ళిన చప్పుడైంది. ఆమె లేవలేదు. ఇంకోటి తీసుకుంది. మూడోది తింటుంటే తనకెంత ఆకలిగా ఉందో తెలిసింది.

అరగంటకు వెళ్ళి చూస్తే ఎలుక లేదు. బూటు నిండుగా ఉంది. తుర్సునై నేలమీద కూర్చుండిపోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

బుర్మకాన్ బయట తలుపు దబదబా బాదింది.

"అమ్మాయ్! దొరికిందా?"

"దొరికింది. తింది."

మెట్లమీద ఒక్కసారిగా కేకలు, చప్పట్లు. వాటిమీదుగా సతార్ గొంతు వినిపించింది.

"నా దీవెనే, చూశారా! సరేగాని, నా ఎడమ బూటు ఇటు పడేయమ్మా, కాలు గడ్డకట్టిపోతోంది."

తుర్సునై నోటుపుస్తకంలో నాలుగో వాక్యం మరోసారి చదువుకుంది.

"సోమవారం ఇస్తాను బాబాయ్ గారూ. ఇప్పుడందులో భోజనం అరుగుతోంది."