ఒక ఆత్మపరిశీలన, మూడు నకళ్ళు

ఒక పెద్ద అడవిలో, డిగ్రీ లేనిదే పులికి కూడా వేట ఉద్యోగం ఇవ్వని రోజుల్లో, ఒక కాలేజీ ఉండేది. అక్కడ సాహిత్యం చెప్పేది కొండముచ్చు మేష్టారు. చెప్పేది అన్నానే గాని, ఆయన పాఠం చెప్పడం మానేసి చాలాకాలమైంది. పిల్లల్ని నలుగురేసి జట్టు కట్టించి, జట్టుకో కావ్యం ఇచ్చి, వాళ్ళ చేతే ప్రజెంటేషన్లు చెప్పించి, తను కొమ్మ మీద కునుకు తీసేవారు.

ఈసారి, ఒళ్ళంతా పొలుసులుండే అలుగుకి పడిన జట్టులో నక్క, నెమలి, అడవిదున్న ఉన్నాయి. అలుగు కిందటేడు ఈ పేపరే తప్పింది. ఈసారీ తప్పితే సీటు పోయి, ఇంటికెళ్ళి తండ్రితోపాటు చీమలపుట్టలు తవ్వుకోవడమే. అందుకని నోరెత్తకుండా పనిలోకి దిగింది.

"నేను లీడర్ని. అందర్నీ కలుపుకుపోతాను," అంది నక్క.

"మాట్లాడేది నేనే. నీ మొహం ఎవరు చూస్తారే?" అంది నెమలి.

"నేను చార్టు పట్టుకుంటాను," అంది అడవిదున్న.

ఇక మిగిలింది కావ్యం చదవడం, అర్థం రాయడం, ఆ చార్టు గీయడం. అదంతా అలుగుకి వదిలేశారు.

ప్రజెంటేషన్ రోజున నెమలి పింఛం విప్పుకుని అలుగు రాసిచ్చింది చదివింది. మధ్యలో రెండు పేజీలు కలిపి తిప్పేసినా ఎవరూ కనిపెట్టలేదు. చప్పట్లకి మేష్టారు మేలుకున్నారు.

"బాగుంది. ఈ పనిలో ఎవరేం చేశారో, ఏం నేర్చుకున్నారో ఆత్మపరిశీలన రాసి రేపు తెండి. మార్కులన్నీ దానికే," అన్నారు.

బయటికి రాగానే నక్క అలుగు పక్కకి చేరింది. "ఒసే అలుగూ, నాలుగు కాపీలు రాసెయ్యి. జట్టన్నాక అందరం ఒకే మాట మీదుండాలి కదా."

అలుగుకి ఒళ్ళు మండింది. అంతలోనే ఒక ఉపాయం తట్టింది. వీళ్ళు ఎలాగూ చదవరు కదా అనుకుని, ఉన్నదున్నట్టు రాసింది. "పనంతా నేనొక్కదాన్నే చేశాను. మిగిలిన ముగ్గురూ ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెట్టలేదు. నా పొలుసుల సందుల్లో చీమలు పాకుతున్నా కదలకుండా కూర్చుని రాశాను." దానికే మరో మూడు నకళ్ళు తీసి పంచింది. ముగ్గురూ కింద సంతకాలు గీకి ఇచ్చేశారు. అలుగు ఆ పూట కడుపునిండా తింది.

మర్నాడు మేష్టారు నాలుగు కాగితాలూ చదివి నెమలిని లేపారు.

"నీకు పొలుసులెక్కడివమ్మా?"

నెమలి నక్క వైపు చూసింది. అలుగు ఆశగా చూస్తోంది. ఇంతలో నక్క లేచింది.

"అది అలంకారం సార్. పడ్డ కష్టాన్ని పొలుసులతో పోల్చాం."

"మరి మిగిలిన ముగ్గురూ ఏమీ చేయలేదని నలుగురూ రాశారేం?"

"అది కవి ఒంటరితనం సార్."

మేష్టారి కళ్ళు చెమర్చాయి. ఆయన చెప్పని పాఠాన్ని ఇన్నేళ్ళలో ఎవరూ ఇంత బాగా నేర్చుకోలేదు. నక్కకీ నెమలికీ అడవిదున్నకీ తలా తొంభై మార్కులు వేసి, అలుగు కాగితం చేతిలోకి తీసుకున్నారు.

"నీకు పొలుసులు ఉండనే ఉన్నాయి. చీమలూ నిజంగానే పాకి ఉంటాయి. ఇందులో నీ ఊహ ఏదమ్మా?"

"నాకు జరిగిందే రాశాను సార్," అంది అలుగు. దానికి ఏడుపొచ్చేస్తోంది.

"అదే తప్పు," అని ఇరవై వేశారు.

అలుగు సీటు పోయింది. నెమలి సంతకంతో ఉన్న కాగితాన్ని మాత్రం వచ్చే ఏడు పిల్లలకి నమూనాగా ఉంటుందని నోటీసుబోర్డుకి అంటించారు.

నీతి: నిజం చెప్పి నెగ్గాలంటే, దాన్ని అనుభవించనివాళ్ళ చేత చెప్పించాలి.