నల్లరంగు కుండకు నాలుగు హద్దులు

ఆ ఉదయం ఐలయ్య పెట్టుకున్న పని చిన్నదే. టపా మనిషి వచ్చేలోగా సీమకు ఒక ఉత్తరం రాయించి పంపాలి. అది 1949. గోపన్‌పల్లి నేత సంఘానికి అతనే పెద్ద. లండన్‌లో చదివే ఒక తెల్ల దొరసాని, ఏడాదిపాటు ఊళ్లో ఉండి అద్దకం నేర్చుకుంటానని తెలుగులో జాబు రాసింది. ఆమెకు స్కాలర్‌షిప్ రావాలంటే సంఘం హామీపత్రం ఇవ్వాలట. ఆమె వస్తే నూలు కోటా పెంచుతామని పట్నం అధికారి ఆశ పెట్టాడు.

ఐలయ్యకు అనుమానం పుట్టుకతో వచ్చిన గుణం. పైగా రెండేళ్లుగా చూసిన గొడవలకు, ఊళ్లోకి కొత్తవాళ్లొస్తే కుక్కలకంటే ముందు మనుషులే మొరుగుతున్నారు.

"సీమల కూసొని తెలుగు నేర్సిందంటే ఏదో మతలబుంది," అన్నాడు.

"ఇంకేంది? మన నలుపు కోసమే," అంది భార్య కనకలక్ష్మి. ఎన్ని ఉతుకులకూ దిగని ఆ నలుపు చుట్టుపక్కల ఇంకెవరికీ రాదు. అత్త పోతూ పోతూ ఆమె చెవిలో చెప్పిన రహస్యమది. సంఘం నాలుగు మెతుకులు తింటున్నది దానివల్లే.

"రమ్మని రాయి, నూలు గావాలె. గని రంగు కుండ మూత తియ్యనియ్యమని గూడ రాయి," అన్నాడు ఐలయ్య వీరేశంతో.

కలం పట్టిన ఆ వీరేశం ఇరవై ఏళ్లు భూముల దస్తావేజులు రాసినవాడు. హద్దులు లేని కాగితం చెల్లదని అతని నమ్మకం.

"ఏ కుండనే, అన్నా? షెడ్ల పదకొండున్నయి. తెల్వక మూత లేపిన్నంటే ఏం జేస్తవ్?"

ఐలయ్య చప్పున అందుకున్నాడు. "తుప్పువట్టిన గుర్రపు నాడాలు ఏసిన కుండ అని రాయి."

"నాడాలేనా?"

"బెల్లం నీళ్లు గూడ. ఆ బెల్లం దిక్కు సూడొద్దని రాయి," అంది కనకలక్ష్మి. అంతలోనే ఉలిక్కిపడింది. "అమ్మో, కరక్కాయలు! నూలు ముందుగాల కరక్కాయ నీళ్లల్ల ముంచేటప్పుడు ఆమెను షెడ్లకు రానియ్యమని రాయి!"

వీరేశం ఒక్కటీ వదలకుండా రాసి చదివి వినిపించాడు. ఐలయ్య తృప్తిగా వేలిముద్ర వేశాడు. "ఇగ ఫికర్ లేదు."

మూడు నెలలకు జవాబు వచ్చింది. వీరేశం చదివాడు. "మీ పత్రం చూసి మా కాలేజీవాళ్లు ఎంతో సంతోషించారు. ఏడాదిపాటు నేర్వవలసినదంతా ఇందులోనే ఉంది, ఇక ప్రయాణం ఎందుకని స్కాలర్‌షిప్ రద్దు చేశారు. ఇక్కడే అద్ది చూశాను. కానీ నలుపు దిగిపోతున్నది. నాడాలు ఎన్ని రోజులు నానాలో మీరు రాయలేదు."

నూలూ పోయింది, రహస్యమూ పోయింది. కనకలక్ష్మి నెత్తి కొట్టుకుంటూ ఇంట్లోకి వెళ్లిపోయింది. ఐలయ్య మొహం మాత్రం నెమ్మదిగా వెలిగింది.

"రోజుల లెక్క రాయలేదు గద?"

"రాయలే."

"బతికినం! ఇప్పుడే జవాబు రాయి. ఇరవై ఒక్క రోజులు నానబెడ్తమన్న ముచ్చట మాత్రం సచ్చినా చెప్పమని గట్టిగ రాయి."

వీరేశం గట్టిగానే రాశాడు, అంకెల్లోనూ అక్షరాల్లోనూ.