దామోదర్ చేతులు జేబులో పెట్టుకున్న రోజు

ఆ శుక్రవారం పొద్దున్న దామోదర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదిన్నరకి భార్య గిరిజని డ్రైవింగ్ టెస్టుకి తీసుకెళ్లడం, ఆవిడ పాసయ్యాక ఇంటికొచ్చి పెసరట్లు తినడం, తిని పడుకోవడం. పనిరోజున ఇలాంటి పథకం వేసుకునే భాగ్యం అతనికి కౌన్సిల్ వాళ్లే కల్పించారు.

పరాయి దేశంలో, టౌరంగా పట్నానికి అవతల ఉన్న ఆ చిన్న ఊరి కౌన్సిల్‌కి, అంటే మునిసిపాలిటీకి, డబ్బు అయిపోయింది. ఎలా అయిపోయిందంటే ఒకరు మంచినీళ్ల పైపులన్నారు, ఒకరు కొత్త ఈతకొలనన్నారు. చివరికి ఎవరినీ ఉద్యోగంలోంచి తియ్యకుండా, కొన్నాళ్లపాటు ప్రతి శుక్రవారం ఆఫీసు మూసేసి అందరికీ జీతం లేని సెలవిచ్చేలా ఉద్యోగుల యూనియన్‌తో ఒప్పందం చేసుకున్నారు. దానికి ఫర్లో అని పేరు పెట్టారు.

"ఫర్లో అంటే ఏంటండీ?" అని అడిగింది గిరిజ.

"సెలవే. కాకపోతే పండగుండదు, జీతముండదు."

"దానికి మళ్లీ ఒక పేరా!"

దామోదర్ పార్కింగ్ వార్డెన్. తణుకు నుంచి చదువుకోవడానికి వచ్చి, రకరకాల ఉద్యోగాలు చేసి, చివరికి తనను చూడగానే ఊరంతా పరుగెత్తే ఉద్యోగంలో స్థిరపడ్డాడు. గడువు దాటి కారు నిలిపినవాళ్లకీ, అడ్డంగా పెట్టినవాళ్లకీ జరిమానా చీటీ రాయడం అతని పని. ఊళ్లో ఉన్న వార్డెన్లు ఇద్దరే. రెండో ఆయన ఫర్లో మాట వినగానే పడవ వేసుకుని చేపలకి పోయాడు.

దామోదర్‌కి మాత్రం సెలవుతోపాటు ఒక భయం కూడా వచ్చింది. కౌన్సిల్ లైబ్రరీలో పనిచేసే రోహన్ యూనియన్ నాయకుడు, నిజామాబాద్ కుర్రాడు. గురువారం సాయంత్రం ఫోన్ చేసి గట్టిగా చెప్పాడు. "అన్నా, ఫర్లో రోజు నువ్వు చిటికెడు పని జేసినా కౌన్సిల్ దినమంత జీతం ఇయ్యాలె. నీకిస్తే అందరికీ ఇయ్యాలె. గప్పుడు ఒప్పందం పోతది, ఉద్యోగాలు ఊడుతయి. ముందుగాల ఊడేది ఎవరిదో నీకు తెలుసు. పార్కింగ్ మీటర్ దిక్కు చూడనే చూడకు."

గిరిజ భయం వేరు. ఊరికి దూరంగా కివీపండ్లు పెట్టెలకెత్తే ప్యాక్‌హౌస్‌లో ఆవిడ కోసం ఉద్యోగం సిద్ధంగా ఉంది. అక్కడికి బస్సు లేదు. లైసెన్సు ఉంటేనే ఉద్యోగం. పోయినసారి టెస్టు తప్పింది, అదీ పార్కింగ్‌లో. పార్కింగ్ వార్డెన్ భార్య పార్కింగ్‌లో తప్పిందన్న వార్త ఊళ్లో వారం రోజులు నవ్వులు పూయించింది.

శుక్రవారం వార్డెన్లు ఉండరన్న సంగతి కౌన్సిల్ గుట్టుగా ఉంచింది. అంటే గురువారం చీకటిపడే వేళకి అందరికీ తెలిసిపోయింది.

పసుపు రంగు ఎల్ బోర్డు తగిలించిన కారుని గిరిజ మెయిన్ స్ట్రీట్‌లోకి తిప్పగానే దామోదర్ సీటులో ముందుకి ఒంగాడు. బస్‌స్టాప్‌లో కార్లు. ఫుట్‌పాత్ మీద కార్లు. రోడ్డుకి రెండువైపులా కార్లు, వాటి పక్కన ఇంకో వరస కార్లు. ఒక పెద్దమనిషి తన వ్యాన్‌ని 'ఇక్కడ నిలపరాదు' అన్న బోర్డుకి ఆనించి నిలిపాడు.

"చూడకండి," అంది గిరిజ. "మీకు జ్వరం వస్తుంది."

దామోదర్ కళ్లు మూసుకున్నాడు.

ఇండియన్ కిరాణా షాపు ముందు ఒక్క ఖాళీ కనబడింది. గిరిజ మూడో ప్రయత్నంలో కారుని అందులోకి వెనక్కి పట్టించింది. టైర్ల కింద పెట్టడానికి నిమ్మకాయలు కావాలట. పోయినసారి పెట్టకపోవడం వల్లే టెస్టు పోయిందట. ఇద్దరూ లోపలికెళ్లి నాలుగు నిమ్మకాయలు కొని బయటికొచ్చేసరికి, వాళ్ల కారు పక్కనే దారి మూసేసి ఒక వెండిరంగు యూట్ నిలబడి ఉంది. యూట్ అంటే వెనక తొట్టి ఉండే ట్రక్కు లాంటి బండి. అందులో ఎవరూ లేరు.

"ఇదెవడిదండీ? టెస్టుకి టైమైపోతోంది!"

"ఉండు, నెంబరు ఫోటో తీసి షాపుల్లో చూపిస్తాను," అని దామోదర్ ఫోను పైకెత్తాడు.

అదే అతను చేసిన పొరపాటు.

ఎదురుగా పూలకొట్టావిడ అద్దంలోంచి చూసింది. ఆవిడకి కనబడింది భర్త కాదు, నిమ్మకాయలు కాదు. పార్కింగ్ వార్డెన్, మామూలు బట్టల్లో, దొంగచాటుగా, బండి ఫోటో తీస్తున్నాడు. "వచ్చాడు! మఫ్టీలో వచ్చాడు!" అని వీధి అదిరిపోయేలా అరిచింది.

ఆ తర్వాత జరిగింది దామోదర్ తన ఉద్యోగ జీవితంలో ఎన్నడూ చూడలేదు. జుట్టుకి రంగు కాగితాలు చుట్టుకున్న ఒకావిడ సెలూన్‌లోంచి దూకింది. నోట్లో కూర నింపిన పై రొట్టె ఉన్నవాడు బేకరీలోంచి వచ్చాడు. మెడకి గుడ్డ కట్టుకున్న ముసలాయన దంతవైద్యుడి దగ్గర్నుంచి, నోరు మూయడం మరిచిపోయి, పరుగెత్తుకొచ్చాడు. అందరూ ఒకేసారి ఇంజన్లు స్టార్టు చేశారు, ఒకేసారి కదిలారు, ఒకేసారి ఆగిపోయారు. ఆ దేశంలో హారన్ కొట్టడమంటే తిట్టడంతో సమానం. ఆ పూట ఊరంతా ఒకరినొకరు తిట్టుకుంది.

దామోదర్ ఫోను మోగింది. అతని మేనేజరు ఫియోనా.

"డామో, నేనిప్పుడు నీకు ఫోన్ చెయ్యలేదు. నేను కూడా ఫర్లోలో ఉన్నాను," అందావిడ ఇంగ్లీషులో. "నువ్వు రహస్యంగా చీటీలు రాస్తున్నావని మేయర్ ఆఫీసుకి ఫోన్ల మీద ఫోన్లట. నిజమేనా?"

"అయ్యో, నేను నిమ్మకాయలు కొనుక్కోడానికి వచ్చాను మేడమ్!"

"నిమ్మకాయలా?" అందావిడ. "సరే. వీధి మొత్తం ఇరుక్కుపోయిందట. నువ్వు చెయ్యెత్తావా, జీతమివ్వాలి. ఎత్తకు. కానీ ఏదో ఒకటి చెయ్యి. నేనీ మాట అనలేదు." ఫోను పెట్టేసింది.

ఇంతలో కాఫీ కప్పుతో రోహన్ ఆయాసపడుతూ వచ్చాడు. "అన్నా! ఏం జేసినవ్ అన్నా?"

"ఏం చెయ్యలేదు రోహన్."

"చేతులు జేబుల పెట్టుకో. ఎవరన్న ఫోటో తీస్తే మనం ఖతం."

దామోదర్ రెండు చేతులూ జేబుల్లోకి తోసుకున్నాడు. అతని ఎదుట జబ్బుపడ్డ వీధి మూలుగుతోంది. మందు అతనికి తెలుసు. ముందు ఆ తెల్ల కారు వెనక్కి పోవాలి, దాంతో బస్సుకి దారొస్తుంది, బస్సు కదిలితే మిగతావన్నీ దారపుండలా విడిపోతాయి. అతని ప్రమేయం లేకుండానే ఒక చెయ్యి జేబులోంచి బయటికొచ్చింది.

"అన్నా, వేలు!" అని అరిచాడు రోహన్.

వేలు మళ్లీ జేబులోకి పోయింది.

గిరిజ ఇద్దరినీ చూసింది. గడియారం చూసింది. నిమ్మకాయల సంచీ రోహన్ చేతిలో పెట్టింది. "నేను కౌన్సిల్ మనిషిని కాదుగా?"

"కాదు వదినా."

"అయితే ఈయన నాతో మాట్లాడచ్చుగా?"

రోహన్ ఒప్పందంలోని అంశాలన్నీ మనసులో తిరగేశాడు. "పెండ్లాంతోని మాట్లాడుడు డ్యూటీ కిందికి రాదు."

"డ్యూటీయే," అన్నాడు దామోదర్. "కౌన్సిల్‌ది కాదు, అంతే."

గిరిజ చున్నీ నడుముకి బిగించి రోడ్డు మధ్యలోకి నడిచింది. ఆవిడ పెరిగింది పాలకొల్లు బస్టాండు ఎదురింట్లో. బండిని కదిలించే మంత్రం ఆవిడకి ఒకటే తెలుసు. తెల్ల కారు దగ్గర నిలబడి, బాడీ మీద రెండుసార్లు చరిచి, "రైట్! రైట్!" అని అరిచింది.

పాలకొల్లులో రైట్ అంటే పోనీయమని. తెల్లకారులోని కుర్రాడికి అది కుడివైపు అని. కుర్రాడు వినయంగా స్టీరింగు కుడికి తిప్పేసి పూలకొట్టు బకెట్ల మధ్య ఆగాడు. గులాబీలూ నీళ్లూ రోడ్డు మీద పారాయి. పూలకొట్టావిడ రెండోసారి అరిచింది.

"రైట్ అనకే! బ్యాక్ అను!" అన్నాడు దామోదర్ ఆకాశం వైపు చూస్తూ, వానొచ్చేలా ఉందన్నంత మామూలుగా. "తర్వాత బస్సుని కొంచెం ముందుకి. తర్వాత ఆ ఎర్రదాన్ని ఆపు."

"బ్యాక్! బ్యాక్! బస్, కమాన్! నువ్వాగు, నిన్నే, ఎర్ర కారు!" చివరి మాటలు తెలుగులోనే వచ్చాయి. ఎర్ర కారావిడకి భాష తెలియలేదు గాని భావం తెలిసింది. ఆగిపోయింది.

చూస్తుండగానే తెల్ల కారు వెనక్కి పోయింది. బస్సు కదిలింది. ఒకదాని వెనక ఒకటి కార్లు జారుకున్నాయి. బస్సు డ్రైవరు టోపీ తీసి గిరిజకి నమస్కారం పెట్టాడు. కాసేపట్లో వీధి పెళ్లి అయిపోయిన పందిరిలా బోసిపోయింది. ఆ వెండిరంగు యూట్ మాత్రం అక్కడే ఉంది.

అప్పుడు బార్బర్ షాపు తలుపు తెరుచుకుని ఒక భారీ మనిషి వచ్చాడు. ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప నిండా నురగ. గొడవంతా సద్దుమణిగాక బయటికొచ్చిన ఏకైక పౌరుడు అతనే.

"ఈ బండి మీదా?" అంది గిరిజ ఇంగ్లీషులో. "వేరేవాళ్ల కారుకి అడ్డంగా పెట్టి గడ్డం గీయించుకుంటారా? అద్దంలో మీ మొహం చూసుకోవడమేనా, వెనకెవరున్నారో చూసుకునే పని లేదా? మీకసలు లైసెన్సు ఎవడిచ్చాడు?"

ఆయన "సారీ" అన్నాడు, యూట్ ఎక్కి వెళ్లిపోయాడు.

రోహన్ దగ్గర్నుంచి నిమ్మకాయలు తీసుకుని, టైర్లతో తొక్కించి, ఇద్దరూ సరిగ్గా సమయానికి టెస్టు ఆఫీసు చేరారు. గిరిజ పేరు పిలిచారు. కాగితాల అట్ట పట్టుకుని లోపలి గదిలోంచి వచ్చిన ఆఫీసరుకి ఒక చెంప మీద గడ్డం ఉంది, రెండో చెంప మీద లేదు.

దామోదర్ గిరిజ వెనక్కి జరిగాడు. గిరిజ చున్నీ తలమీదికి లాక్కుంది. ఆయన మాత్రం తన అర గడ్డం తడుముకుని, "పదండి," అన్నాడు.

బయట బెంచీ మీద కూర్చున్న దామోదర్ తెలిసిన దేవుళ్లందరినీ పిలిచాడు. తిరిగొచ్చిన కారు ఆఫీసు ముందున్న రెండు కార్ల మధ్యలోకి, ఒకే ఊపులో, గీత గీసినట్టు వెనక్కి వెళ్లి ఆగింది. అంతసేపు వీధి నడిపినావిడకి ఒక్క కారు ఏం లెక్క? ఆఫీసరు దిగి చక్రానికీ గట్టుకీ మధ్య దూరం ఒంగి చూశాడు. చాలాసేపు చూశాడు. తప్పు దొరికితే బాగుండునన్నట్టే చూశాడు. లేచి, కాగితం మీద సంతకం పెట్టి, "మేడమ్, లైసెన్సు ఎవరిచ్చారని ఎవరైనా అడిగితే నా పేరు చెప్పండి," అని వెళ్లిపోయాడు.

సోమవారం ఉదయం ఫియోనా ఫోన్ చేసింది. తన ఉద్యోగం ఊడిందనే దామోదర్ అనుకున్నాడు.

"డామో, నీతో కాదు. గిరిజ ఉందా?"

గిరిజ ఫోను తీసుకుని యెస్ అంది, ఓ అంది, థ్యాంక్యూ అంది. పెట్టేసి భర్త వైపు చూసింది. "వార్డెన్లు లేకపోతే శుక్రవారం ఊరు నడవదని వాళ్లకి అర్థమైందిటండీ. శుక్రవారాలు నన్ను వార్డెన్‌గా రమ్మంటున్నారు. మిగతా రోజులు ప్యాక్‌హౌస్‌కి పోతాను."

దామోదర్ ఫోను లాక్కుని వెంటనే ఫియోనాకి చేశాడు. "మేడమ్, నాకిచ్చే జీతం మా ఆవిడకిస్తే మరి నాకు సెలవెందుకిచ్చారు?"

"నీది జీతాల పద్దు డామో. అందులో డబ్బు లేదు. ఆవిడది తాత్కాలిక సేవల పద్దు. అది వేరు."

ఆ వచ్చే శుక్రవారం గిరిజ యూనిఫాం వేసుకుని వెళ్లింది, దామోదర్ పెసరట్లు పోశాడు, రోహన్ ఆవిడని యూనియన్‌లో చేర్చుకున్నాడు. నెలాఖరు సమావేశంలో కౌన్సిల్ ఈ ఏర్పాటుని పొదుపు కింద చూపించింది.