కొండలు దిగే వియ్యంకులు

దగ్గరికి రండర్రా, ఆ కుర్చీలు ఇటు లాక్కోండి. ఫోన్లు అవతల పెట్టి చెవులు ఇటు ఇవ్వండి. నవ్వుకునే కథే గానీ మధ్యలో ఒక పిల్ల పెళ్ళి ఉంది, కాస్త చూసి నవ్వండి.

"మాది కొండలు దిగే వంశం! మా ఇంట్లో పుట్టినవాడు రెండు చక్రాల మీదే పెరుగుతాడు!"

ఇలా ప్రకటించినాయన తూనికలు, కొలతల శాఖలో అధికారి. ఎవరి ముందు ప్రకటించాడనుకున్నారు? పడకగదిలో అద్దం ముందు! జన్మలో సైకిలెక్కిన మనిషి కాడు. చిన్నప్పుడు ఒకసారి ఎక్కబోతే సైకిలే ఒప్పుకోలేదట.

"నాన్నా, 'వంశం' దగ్గర గొంతు కాస్త పెంచు," అంది వెనక నిలబడ్డ కూతురు.

"పెంచుతానమ్మా. ఇంతకీ నిజం చెప్పేస్తే పోయేదేముంది?"

"సంబంధం పోతుంది నాన్నా!"

అంతే, ఆయన గొంతు దానంతటదే పెరిగింది. ఒక్కగానొక్క కూతురు. ఆ అబ్బాయి తప్ప ఇంకెవరూ వద్దని కూర్చుంది.

అబ్బాయిదీ ఆ పిల్ల పనిచేసే భవనమే. ఇద్దరికీ లిఫ్టులో పరిచయం. ఒకరోజు ఆ అబ్బాయి, "ఆదివారం వస్తే మా ఇంటిల్లిపాదీ కొండ మీదే. కరెంటు సైకిళ్ళు, ఎండ్యూరో!" అన్నాడు. ఈ పిల్ల తగ్గుతుందా? "మేమూ అంతే! మా నాన్నయితే మరీనూ!" అంది. లిఫ్టు ఆగేలోగా ఒకరి కొండల్ని ఒకరు మెచ్చుకోవడం అయిపోయింది. తను మాత్రం ఆఫీసు స్నేహితులతో వెళ్ళి నేర్చుకున్నానని ఇంట్లో చెప్పింది. తండ్రి నమ్మాడు. ఏ తండ్రి నమ్మడు?

అబ్బాయి తండ్రి పళ్ళ డాక్టరు. ఆయన దగ్గర్నుంచి కబురొచ్చింది: "బావగారూ, కొత్త బండి కొనే ఆలోచనలో ఉన్నారట. నేనూ ఉన్నాను. ఇద్దరం కలిసే ఎంచుకుందాం. వెనకాల కొండ ఉన్న షాపొకటి ఉంది."

వెనకాల కొండ! ఆ రెండు మాటలకీ అధికారిగారికి నిద్ర పట్టలేదు. కూతురు కూర్చోబెట్టి చదివించింది. ఎండ్యూరో అంటే కొండ తీరిగ్గా ఎక్కొచ్చట. రాళ్ళ మీంచి, వేళ్ళ మీంచి దిగేటప్పుడే గడియారం నడుస్తుందట. ఎక్కడానికి మోటారు, దిగేటప్పుడు ఎముకలు నిలవడానికి ముందొక స్ప్రింగు, వెనకొక స్ప్రింగు.

"ట్రావెలంటే ప్రయాణం కాదు నాన్నా. స్ప్రింగు ఎంత కిందికి దిగుతుందో ఆ కొలత."

"కొలతా? ముందే చెప్పవేం!" అన్నాడాయన. కొలత అనేసరికి కాస్త ధైర్యం వచ్చింది.

అనుకున్న రోజున ఇటునుంచి తండ్రి, తల్లి, కూతురు, అటునుంచి డాక్టరు, కొడుకు షాపుకి చేరారు. డాక్టరు పడితే దెబ్బ తగలకుండా మోకాళ్ళకి చిప్పలు కట్టుకుని మరీ వచ్చాడు.

"నమస్కారం బావగారూ! మీ పేరు చెబితే కొండలు పక్కకి జరుగుతాయట కదా!"

"అబ్బే, నావి చిన్న కొండలు. పెద్దవన్నీ మీవే!"

షాపు యజమాని ఒక బండి ముందుకు తోశాడు. "చూడండి సార్. ముందు నూట డెబ్భై మిల్లీమీటర్ల ట్రావెల్, వెనక నూట అరవై. గట్టి మోటారు, పెద్ద బ్యాటరీ. బరువు ఇరవై మూడున్నర కిలోలు."

"ఎవరు తూచారు?" అన్నాడు అధికారి.

"కంపెనీవాళ్ళు సార్."

"ఆ తూకానికి ముద్ర ఉందా?"

షాపాయన బండి కిందా మీదా ముద్ర కోసం వెతికాడు. ఈలోగా డాక్టరు వంగి గొలుసు చక్రంలోకి తొంగిచూశాడు. "పళ్ళు బాగానే ఉన్నాయి. సందులే సరిగ్గా తోమడం లేదు," అన్నాడు.

బండి నచ్చిందంటే ఎక్కి చూపించాలి. అందుకని ఆ పూట ఆ షాపులో ఎవరికీ ఏదీ నచ్చలేదు. ఒకదానికి ముందు స్ప్రింగు మరీ మెత్తన, ఒకదానికి వెనకది మరీ మొండి. ఒకదాని మోటారు వాగుడుకాయ. ఒకదాని రంగులో గాంభీర్యం లేదు! అధికారిగారు స్టాండుకి బిగించి ఉన్న బండి మీద కూర్చుని తెలియక ఏదో మీట నొక్కాడు. సీటు సుయ్యిమంటూ ఆయనతో సహా కిందికి దిగిపోయింది. ఆయన మొహంలో ఒక్క కండరం కదిలితే ఒట్టు!

"ఎలా ఉంది బావగారూ?"

"దిగుతోంది," అన్నాడు గంభీరంగా. "దిగడంలో నిజాయితీ ఉంది."

షాపాయనకి ఓపిక చచ్చింది. "సార్, ఇలా కూర్చుంటే ఏం తెలుస్తుంది? చెరో బండీ తీసుకుని వెనక కొండెక్కి దిగి రండి. కుడివైపొక దారి, ఎడమవైపొక దారి, రెండూ ఆ చెట్ల మధ్యనుంచే పోయి పైన కలుస్తాయి. ఎక్కలేకపోతే ఈ బటన్ నొక్కి పట్టుకోండి, బండి మీ పక్కనే మెల్లగా నడిచొస్తుంది."

"మాకా! బటనా!" అని ఇద్దరూ పగలబడి నవ్వారు. నవ్వుతూనే బటన్ ఎక్కడుందో ఇద్దరూ చూసిపెట్టుకున్నారు.

"మీరు ముందు బావగారూ."

"ఎంతమాట, పెద్దవారు, మీరు ముందు."

"చెట్లు దాటాకే ఎక్కడం నాకలవాటు."

"నాకూ అంతే! చెట్ల ఇవతల ఎక్కితే అదీ ఒక ఎక్కడమేనా!"

డాక్టరు ఎడమకి, అధికారి కుడికి పోయారు. చెట్లు దాటగానే అధికారిగారు బటన్ నొక్కి పట్టుకున్నాడు. బండి బుద్ధిగా పక్కన నడిచింది. ఆయన రొప్పుతూ దాని వెంట నడిచాడు. నడుస్తున్నంతసేపూ ఒకటే బెంగ. డాక్టరు ఈపాటికి గాలిలో తేలిపోతూ ఉంటాడు. ఏ మలుపులోనో ఎదురొచ్చి, 'ఏం బావగారూ, నడుస్తున్నారే?' అంటే? పిల్ల మొహం చూడగలనా?

ఆలోచించగా ఆలోచించగా ఉపాయం తట్టింది. తొక్కడం రానివాడు నడుస్తాడు. వచ్చినవాడైతే పడతాడు. కాబట్టి పడాలి!

కొండ మీద, రెండు దారులూ కలిసేచోట ఒక పెద్ద బండరాయి ఉంది. దాని పక్కన ముళ్ళు లేని చోటు ఏరుకున్నాడు. షాపువాడి సొత్తని బండిని మెత్తగా పడుకోబెట్టాడు. కళ్ళజోడు మడిచి జేబులో పెట్టాడు, తలకింద రుమాలు పరిచాడు. వెల్లకిలా పడుకుని బండిని కాళ్ళ మీదికి లాక్కున్నాడు. 'ఇరవై అయిదు కిలోలకి తక్కువుండదు, నాకు తెలుసు,' అనుకున్నాడు. అప్పుడు గొంతు సవరించుకుని, "అమ్మా!" అని మూలిగాడు.

రాయికి అవతలినుంచి, "అయ్యో!" అని ఇంకో మూలుగు.

"బావగారూ! మీరేనా? పడ్డారా?"

"పడ్డాను. ఘోరంగా. మీరూ?"

"నేనూ! ఇంకా ఘోరంగా!"

అధికారి మోచేతుల మీద లేచి అవతలికి తొంగిచూశాడు. డాక్టరు చొక్కా నలగకుండా పడి ఉన్నాడు. హెల్మెట్ తీసి రాయి మీద బోర్లించి ఉంది. బండి కింద ఆయన కోటు పరిచి ఉంది, బండికి గీత పడకుండా! డాక్టరూ ఇటు తొంగిచూసి, ఈయన తలకింద పరుచుకున్న రుమాలు చూశాడు. చివరికి డాక్టరే అడిగాడు.

"బావగారూ, మీకు సైకిలు వచ్చా?"

"రాదండీ. మీకు?"

"ఎక్కడొచ్చి చచ్చింది! మీరు మహా రౌతులనీ, నాకు రాదంటే మీరు పిల్లనివ్వరనీ మావాడు నిన్నంతా నా ప్రాణం తోడేశాడు."

"అచ్చం మా అమ్మాయీ ఇదే మాట!"

ఇద్దరూ కడుపుబ్బా నవ్వుకున్నారు. పిల్లలకి మాత్రం తెలియకూడదని ఒట్టేసుకున్నారు. ఒకరి వీపు మీద ఒకరు దుమ్ము రుద్దుకున్నారు. "ఇంకాస్త పైన బావగారూ, భుజం తెల్లగా ఉండిపోయింది!"

కిందికి వచ్చేసరికి అమ్మాయి తల్లి గుండెలు బాదుకుంది. "ఏమండీ! ఇదేం అవతారం!"

"కొండతో సరదా అంటే ఇలాగే ఉంటుంది," అన్నాడు అధికారి. "బండ్లు బ్రహ్మాండం! రెండూ మా పిల్లలకే కానుక. ఏదీ, మా కళ్ళముందు ఒక చుట్టు తిరిగి రండి!"

అమ్మాయి వంగి చెప్పు సవరించుకోవడం మొదలుపెట్టింది. ఎంతకీ తెమలదు. అబ్బాయి మోగని ఫోను తీసి "హలో, హలో" అంటున్నాడు.

"అదెక్కడ తొక్కుతుందండీ!" అంది తల్లి. "మూడు చక్రాల బండి దగ్గరే దాని చదువాగిపోయింది. నన్నెవరడిగారు గనక చెప్పడానికి!"

"నాకూ రాదు ఆంటీ," అన్నాడు అబ్బాయి నేలచూపులు చూస్తూ.

ఇక చూడండి పెద్దమనుషుల ఆగ్రహం! "నా ఉద్యోగంలో గింజంత తేడా వస్తే ఊరుకోను, నా ఇంట్లో ఇంత మోసమా!" అని అధికారి గర్జించాడు. "నోరు తెరిస్తే నిజమే రావాలని పెంచాను!" అని డాక్టరు నోరు తెరిచాడు. "అబద్ధాలాడే పిల్లలకి పెళ్ళేమిటి? ఈ సంబంధం ఇంతటితో..."

అమ్మాయి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

షాపాయన బండ్ల దుమ్ము తుడుస్తూ హ్యాండిలు మీది చిన్న తెర దగ్గర ఆగాడు. "సార్, మీ ఇద్దరి అత్యధిక వేగం గంటకి నాలుగు కిలోమీటర్లు. ఎండ్యూరోలో ఇంత నెమ్మదిగా కిందపడ్డవాళ్ళని నా సర్వీసులో చూడలేదు."

'మీటరు తప్పు!' అన్న మాట అధికారిగారి నాలుక చివరిదాకా వచ్చింది. తనిఖీల్లో దొరికిపోయి ఎందరు కొట్లవాళ్ళు నెత్తిన చెయ్యి పెట్టుకుని ఆ మాట ఆయనతో చెప్పారో! ఒక్కణ్ణీ వదిలిపెట్టలేదే! ఆ మాటని అలాగే మింగేశాడు.

"నాలుగా నాన్నా?" అంది కూతురు, కళ్ళు తుడుచుకుంటూ.

"నాలుగే తల్లీ. అదీ బటన్ నొక్కితే."

ముందు నవ్వింది ఆ పిల్లే. తర్వాత షాపు షాపంతా నవ్వింది. పెళ్ళి మాట అక్కడే, ఆ సైకిళ్ళ మధ్యే ఖాయమైంది. ఇప్పటికీ ఎవరైనా అడిగితే ఆ వియ్యంకులిద్దరూ ఛాతీ విరుచుకుని, "మేం కొండ మీద కలిశాం!" అంటారు. అబద్ధమని ఎలా అంటాం?

ఇదర్రా సంగతి. గుర్తుపెట్టుకుని మీవాళ్ళకీ చెప్పండి. చెప్పేటప్పుడు ఇంకో బండరాయి చేర్చుకోండి, మూలుగులు పెంచుకోండి, నాకేం అభ్యంతరం లేదు. వేగం మాత్రం నాలుగంటే నాలుగే, అయిదు చెయ్యకండి.